తాతయ్య తప్పుగా నేర్పిన పాట

నా చిన్నప్పుడు మా ఇంట్లో పాట ఆగిపోయిన కాలం ఒకటుంది. ఒక వానాకాలంలో ఆగింది. మళ్ళీ వినబడేసరికి ఇంకో వానాకాలం దగ్గరకొచ్చింది. ఇప్పుడు నాకు మనవలున్నారు, ఖమ్మంలో మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను. అయినా చిన్నతనం అనగానే నాకు ముందు గుర్తొచ్చేది మా ఊరి అడవి కాదు, ఆటలు కాదు. పాట లేని ఆ ఇల్లు.

మాది ములకలపల్లి దాటాక అడవిని ఆనుకుని ఉన్న చిన్న పల్లె. ఊరికీ రోడ్డుకీ నడుమ ఒక వాగు ఉండేది. ఎండాకాలంలో చెప్పులు చేతబట్టుకుని దాటేవాళ్ళం. వానాకాలంలో అది దారి మూసేస్తే తగ్గేదాకా ఎదురుచూడటమే. ఊళ్ళో ఎక్కువమంది కోయవాళ్ళు. వాళ్ళ వేల్పులు, వాళ్ళ పండుగలు వాళ్ళవి. కొద్ది ఇళ్ళవాళ్ళం మాత్రం క్రైస్తవులం. మా తాతయ్య, అంటే మా నాయనకు నాయన, వయసులో ఉండగానే ప్రభువును నమ్ముకున్నాడట. ఆయనా ఇంకొందరూ కలిసి ఊరి చివర మట్టిగోడలు పెట్టి, తాటాకు కప్పి ఒక ప్రార్థన మందిరం కట్టుకున్నారు. పాస్టరుగారు ఎక్కడో దూరం నుంచి సైకిలు మీద ఎప్పుడో ఒకసారి వచ్చేవారు. మిగతా ఆదివారాల్లో తాతయ్యే వాక్యం చదివి, తనకు తోచిన నాలుగు మాటలు చెప్పి ప్రార్థన చేసేవాడు.

పాట మాత్రం మా అమ్మది. అమ్మ బడి మొహం చూసిన మనిషి కాదు. నాట్లు వేసేటప్పుడు ఆడవాళ్ళు పాడుకునే బాణీలు పట్టుకుని, వాటిలో దేవుని మీద మాటలు కట్టేది. పొలంలో వంగి పాడిన బాణీనే ఆదివారం మందిరంలో నిలబడి పాడుతుంటే, ఆ గొంతులో తడిమట్టి వాసన ఉన్నట్టుండేది నాకు. అలా ఆమె కట్టిన పాటల్లో ఒకటి అందరికీ ఇష్టం. కొండ ఎక్కేటప్పుడు, అడవిలో దారి తప్పినప్పుడు, జబ్బు పడినప్పుడు తోడుండమని దేవుణ్ణి అడిగే పాట అది. అందులో 'వాగు దాటే ఏళ చెయ్యి పట్టు తండ్రీ' అని ఒక చరణం. మా ఊళ్ళో ఆ మాట అందరి మాట. ఆ చరణం రాగానే మందిరంలో కూర్చున్న ముసలివాళ్ళు కూడా గొంతు కలిపేవారు.

ఆ వానాకాలం మా తమ్ముడికి జ్వరం వచ్చింది. అప్పుడప్పుడే గడప పట్టుకుని నిలబడటం నేర్చుకుంటున్నాడు. పసరు మందులు వేశారు, తగ్గలేదు. దవాఖానాకు తీసుకుపోదామని బయలుదేరేసరికి వాగు నిండుగా పారుతోంది. అమ్మ వాణ్ణి గుండెకు హత్తుకుని, పైన గోనెసంచి కప్పుకుని ఒడ్డున కూర్చుంది. అవతల రోడ్డు కనపడుతూనే ఉంది. మందిరంలోని వాళ్ళంతా ఆమె చుట్టూ వానలోనే మోకరించారు. తాతయ్య గొంతు బొంగురుపోయేదాకా ప్రార్థన చేశాడు. నీళ్ళు తగ్గలేదు. తగ్గేసరికి మాకు దవాఖానాతో పని లేకుండా పోయింది.

ఆ తర్వాత అమ్మ ఎవరితోనూ గొడవ పడలేదు. దేవుణ్ణి ఒక్క మాట అనలేదు. ఆదివారం యథాప్రకారం తలకు కొంగు కప్పుకుని వచ్చి కూర్చుంది. పాట ఎత్తుకోలేదు, అంతే. అందరూ సర్దుకుపోయారు, బిడ్డ పోయిన తల్లి కదా అని. తర్వాత ఆలస్యంగా రావడం మొదలుపెట్టింది. వచ్చినా గుమ్మం దగ్గరే కూర్చునేది. ఆపైన నాకు తల దువ్వి, తాతయ్య చేయి పట్టించి, 'మీరు నడువుండ్రి, పొయ్యి మీద అన్నం దించి వస్త' అనేది. ఆ అన్నం ఎప్పటికీ దిగేది కాదు. చలి తగ్గి మిరప తోటల్లో ఏరుడు పని మొదలయ్యాక ఆదివారాలు కూడా కూలికి పోయింది. ఆ పని అయిపోయినా ఆమె తిరిగి మందిరానికి రాలేదు. ఏ ఆదివారంతో ఆమె రావడం మానేసిందో ఎవరినడిగినా చెప్పలేరు. నేనూ చెప్పలేను. అంత మెల్లగా జరిగింది అది.

ఇంట్లో కూడా అంతే. సాయంత్రం దీపం పెట్టాక మేం కూర్చుని ప్రార్థన చేసుకునే అలవాటు ఉండేది. సరిగ్గా ఆ వేళకు అమ్మకు ఏదో పని గుర్తొచ్చేది. మేం కళ్ళు మూసుకుంటే ఆమె కట్టెలు సర్దుతున్న చప్పుడు వినబడేది. మా నాయన కలప డిపోలో కూలి. వారానికోసారి ఇంటికొచ్చి, ఆమె మొహం చూసి, ఏమీ అడగకుండానే తిరిగి పోయేవాడు. ఆయన దుఃఖం ఆయనకుంది.

నాకు మాత్రం అమ్మ పాట కావాలి. నా తలకు నూనె పెడుతూ సన్నగా కూనిరాగం తీసేది ఇదివరకు. ఆమె ఒళ్ళో తల ఆనిస్తే ఆ రాగం చెవిలోకి కాదు, నేరుగా ఎముకల్లోకి వచ్చేది. ఇప్పుడూ నూనె పెడుతోంది, దువ్వుతోంది, జడ వేస్తోంది. వేళ్ళు అవే. కానీ ఆమె పక్కనే కూర్చుని ఆమె కోసం బెంగపెట్టుకోవడం ఎలా ఉంటుందో నాకు ఆ రోజుల్లో తెలిసింది. అమ్మకు దేవుడు ఎంత దూరమయ్యాడో నాకేం తెలుసు, నాకు అమ్మ దూరమైంది.

మందిరంలో గుసగుసలు మొదలయ్యాయి. ఒక పెద్దమ్మ ఉండేది, మనసు మంచిదే గానీ నోరు ఆగేది కాదు. ప్రార్థన అయ్యాక తాతయ్యను ఆపి, 'కోడలికి నువ్వన్నా గట్టిగ చెప్పవేంది? ఇంటి పెద్దవి, గుడికి పెద్దవి' అంది. తాతయ్య తన కర్ర వైపు చూస్తూ, 'చెప్పేటోళ్ళు శానామంది ఉన్నరు. ఆమె చెప్పేది వినేటోళ్ళే లేరు' అన్నాడు. పెద్దమ్మకు ఆ మాట అర్థం కాలేదు. అప్పుడు నాకూ కాలేదు.

ఎండలు ముదిరాయి. తునికాకు కోత వచ్చింది. బీడీలు చుట్టే ఆకు అది. తెల్లవారకముందే అడవిలోకి పోయి కోసుకొచ్చి, మధ్యాహ్నమంతా నీడలో కూర్చుని కట్టలు కట్టి, సాయంత్రం ఆకు కొనే కల్లానికి తీసుకుపోయి ఇచ్చేవారు. ఊరంతా అదే పని. ఆ రోజుల్లోనే తాతయ్య నన్ను పిలిచి, 'మీ అమ్మ పాట నీకు నేర్పుత, రా బిడ్డా' అన్నాడు. నేను ఎగిరి గంతేశాను. తాతయ్యది మంచి గొంతు కాదు. అయినా ఆయన పాడింది వింటుంటే నాకు ఎక్కడో ఏదో తేడాగా అనిపించింది. పెద్దవాడు, మందిరంలో వాక్యం చెప్పేవాడు, తప్పెందుకు పాడతాడు? ఆయన ఎలా చెబితే అలాగే నేర్చుకున్నాను.

ఆ మధ్యాహ్నం అమ్మ పక్కన కూర్చుని ఆకులు ఒక్కటొక్కటిగా అందిస్తూ నేను ఆ పాట ఎత్తుకున్నాను. అమ్మ తల ఎత్తలేదు. కట్టకు నార చుడుతోంది. నేను మళ్ళీ పాడాను. ఆమె వేళ్ళు ఆగాయి. మూడోసారి ఎత్తుకోబోతుంటే, 'గట్ల కాదే' అంది.

'మరెట్ల?' అన్నాను.

ఆమె చేతిలోని కట్ట పక్కన పెట్టింది. తర్వాత, ఎవరో గొంతు పట్టి లాగినట్టు, ఆ ఒక్క పాదం పాడింది. పాడి వెంటనే ఆకుల మీదికి వంగింది.  ఆ ఒక్క పాదం మా పందిరి కింద ఎంతోసేపు నిలిచి ఉన్నట్టనిపించింది.

మర్నాడు తాతయ్య ఇంకో పాదం నేర్పాడు. అదీ వంకరగానే. అమ్మ దాన్నీ సరిచేసింది. ఆ పైరోజు ఇంకొకటి. అమ్మకు విసుగు వచ్చేది, 'నీకు చెవులు లేవా పిల్లా' అని కసిరేది, కసురుతూనే పాడి చూపించేది. ఒకసారైతే ఒక మాట దగ్గర నేను మరీ అడ్డంగా పాడితే నవ్వింది కూడా. తమ్ముడు పోయాక అమ్మ నవ్వడం నేను చూసింది అప్పుడే. పరుగెత్తుకుంటూ పోయి తాతయ్యకు చెప్పాను. ఆయన పైకండువాతో మొహం తుడుచుకుని, 'ఎండ శానా ఉంది గద' అన్నాడు.

అలా పాట ముందుకు నడిచి వాగు చరణం దగ్గరికొచ్చింది. తాతయ్య దాన్ని నేర్పడానికి చాలా తటపటాయించాడు. రెండుసార్లు మొదలుపెట్టి ఆపేశాడు. చివరికి నేర్పాడు. ఆ చరణం మాత్రం తప్పుగా పాడలేదాయన.  నేను ఇంటికొచ్చి అమాయకంగా దాన్ని ఒక్క తప్పూ లేకుండా అందుకున్నాను. అమ్మ చేతిలో సగం కట్టిన కట్ట ఉంది. అది ఒళ్ళోంచి జారి ఆకులు చెదిరిపోయాయి. ఆమె లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా, ఆ మండుటెండలో మందిరం వైపు నడిచింది. తాతయ్య ఆ వేళ మందిరం అరుగు మీద కూర్చుని నార పేనుకునేవాడు. నేను ఏడుపుమొహంతో వెనకాలే పరుగెత్తాను.

'మామా, పిల్లకు పాట తప్పు నేర్పింది నువ్వేనా?' అని అడిగింది.

'అవ్. నేనే.'

'తెలిసే నేర్పినవా?'

'తెలిసే నేర్పిన బిడ్డా. నువ్వు ఓర్చుకోలేవని తెలిసే.'

నేను అమ్మను అంత కోపంగా ఎన్నడూ చూడలేదు. మామగారి ఎదుట గొంతు పెంచే మనిషి కాదు. ఆ రోజు ఊరు వినేలా అరిచింది. 'ఆ పాట కట్టింది నేను. చెయ్యి పట్టుమని అడిగింది నేను. నా కొడుకును ఒళ్ళ పెట్టుకొని ఒడ్డు మీద కూసున్న. నువ్వు గూడ ఉన్నవు గద మామా. చెప్పు. పట్టిండా? ఆయన చెయ్యి పట్టిండా?'

మందిరంలో వాక్యం చెప్పే మనిషి కదా, తాతయ్య ఏదో ఒక మాట చెబుతాడనుకున్నాను. దేవుని చిత్తమనో, పిల్లవాడు పరలోకంలో ఉన్నాడనో. అందరూ చెప్పిన మాటలే అవి. ఆయన చేతిలోని నార కింద పెట్టాడు. 'నాకు కనపడలే బిడ్డా' అన్నాడు. 'నేను గూడ చూసిన. నాకు కనపడలే.'

అమ్మ కోపం ఆ మాటతో చల్లారలేదు గానీ దారి తప్పింది. అరుగు మీద కూలబడింది. తాతయ్య మెల్లగా అన్నాడు: 'ఈ ముచ్చట నన్నడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆయన్నే అడుగు.'

'ఏ మొఖం పెట్టుకొని పోవాలె? ఇన్నొద్దులు పోకుంట ఉండి, ఇప్పుడు పోయి కొట్లాడాల్నా?'

'కొట్లాడు. కొట్లాడితే ఆయన ఏమీ అనుకోడు. మాట బంద్ పెట్టినవు చూడు, గదే నాకు బుగులు పుట్టిస్తుంది.'

ఆ తర్వాత ఆయన చెప్పింది, మా ఇంట్లో ఎవరికీ అప్పటిదాకా తెలియదు. మా నాయనమ్మ చనిపోయినప్పుడు ఆయన ఒక్క ఆదివారం కూడా మందిరం మానలేదు. వాక్యం చదివాడు, ప్రార్థన చేశాడు. ఎంత విశ్వాసం అని అందరూ మెచ్చుకున్నారు. 'నోరు మాట్లాడేది. లోపట ఆయనకూ నాకూ ఒక్క మాట లేదు' అన్నాడు తాతయ్య. 'నువ్వు దూరం పోయింది ఊరందరికి కనపడ్డది. నేను పోయింది ఎవ్వరికీ కనపడలే. గంతే తేడా.'

'మరి మళ్ళ ఎట్ల వచ్చినవ్?'

'ఒకనాడు అడివిల కట్టె కొడుతున్న. మీ అత్త యాదికొచ్చింది. గొడ్డలి కింద పడేసి, నా మనిషిని ఎందుకు తీసుకపోయినవని నోటికొచ్చినట్టు తిట్టిన ఆయన్ను. తిట్టి తిట్టి అలిసి కూసున్నంక తెలిసింది, ఆమె పోయినంక నేను చేసిన మొదటి ప్రార్థన గదే అని.'

అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. లేచి మందిరం తలుపు నెట్టింది. లోపలికి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది.

మేమిద్దరం అరుగు మీదే ఉన్నాం. మొదట ఏమీ వినపడలేదు. తర్వాత అమ్మ గొంతు. పాట కాదు, ప్రార్థన అని మేం పిలుచుకునేది కూడా కాదు. పొలం గట్టు దగ్గర తగవు పడుతున్నట్టు గట్టిగా, మధ్యమధ్య ఏడుస్తూ, మళ్ళీ గట్టిగా. వాన ఎందుకు ఆపలేదని అడిగింది. ఇంతమంది మోకరిస్తే ఒక్కరి మాటైనా వినపడలేదా అని అడిగింది. తమ్ముణ్ణి పేరు పెట్టి పిలిచింది. నాకు భయమేసి తాతయ్య చేయి పట్టుకున్నాను. 

అప్పుడే మా పక్కింటి కోయ అవ్వ నెత్తిన ఆకు మోపుతో అటు వచ్చింది. ఆగి చెవి ఒగ్గి, 'లోపట ఎవరు?' అంది.

'మా కోడలు' అన్నాడు తాతయ్య.

'ఎవరితోటి కొట్లాడుతుంది?'

'ఆమె దేవునితోటి మాట్లాడుతుంది.'

ఆ అవ్వ కూడా బిడ్డల్ని పోగొట్టుకున్న మనిషే. మోపు దింపి, మాకు కొంచెం ఎడంగా కూర్చుంది. 'మాట్లాడనీ. ఎవ్వరూ తలుపు తియ్యకుండ్రి' అంది. ఇంకొందరు ఆడవాళ్ళు చప్పుడు విని ఇటు రాబోతే చేయి ఊపి అటునుంచి అటే పంపేసింది. ఆకు వాడిపోతుందన్న తొందర ఆమెకు లేకుండా పోయింది ఆ రోజు.

ఎండ వాలాక అమ్మ బయటికొచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. అవ్వ తన సొరకాయ బుర్రలోంచి నీళ్ళు పోస్తే దోసిలి పట్టి తాగింది. లోపల ఏం జరిగిందో, జవాబు దొరికిందో లేదో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు, ఎప్పటికీ. ఆమె నా చేయి పట్టుకుని ఇంటికి నడిచింది. దారిలో ఆమె వేళ్ళు నా వేళ్ళను గట్టిగా నొక్కుతూ వచ్చాయి. ఇంటికి పోయాక ఇద్దరం కలిసి చెదిరిన ఆకులు ఏరుకున్నాం.

ఆ వచ్చిన ఆదివారమే అమ్మ మందిరానికి వచ్చేసిందని చెబితే వినడానికి బాగుంటుంది. రాలేదు. ఆ తర్వాత ఆదివారం కూడా రాలేదు. కానీ మధ్యాహ్నాలు, ఎవరూ లేనప్పుడు, ఒక్కతే పోయి తలుపు వేసుకుని కూర్చునేది. రోజురోజుకీ ఆ గొంతు తగ్గింది. తగవులా ఉన్నది నెమ్మదిగా ముచ్చటలా మారింది. తొలకరి పడి, పొలాలు తడిసిన ఒక ఆదివారం, తాతయ్య వాక్యం చదువుతుండగా ఆమె వచ్చి గుమ్మం దగ్గర కూర్చుంది. పెద్దమ్మ ఏదో అనబోయి నోరు తెరిచింది. తాతయ్య వెంటనే 'ప్రార్థన చేద్దాం' అన్నాడు. పెద్దమ్మ కళ్ళు మూసుకోక తప్పలేదు.

మరికొన్నాళ్ళకు అమ్మ పాట ఎత్తుకుంది. మునుపటి గొంతు కాదు, కొంచెం గరుకుదేరింది. నాకు అదే తియ్యగా ఉండేది. అన్ని పాటలూ పాడింది. ఆ పాటా పాడింది. వాగు చరణం వచ్చే చోట మాత్రం ఆగేది. ఆమె ఆగితే తాతయ్యా ఆగేవాడు, మందిరంలో అందరం ఆగేవాళ్ళం. ఎవరూ ఆ చోటును నింపడానికి ప్రయత్నించలేదు. కాసేపటికి ఆమె తర్వాతి చరణం అందుకునేది. బతికినన్నాళ్ళూ ఆమె ఆ చరణం పాడలేదు. బతికినన్నాళ్ళూ ఆమె మందిరం విడవలేదు కూడా. ఈ రెండూ ఒక్క మనిషిలో ఎలా ఇమిడాయని చాలామంది నన్ను అడిగారు. ఆమె దేవుని దగ్గర ఏదీ దాచుకోలేదు, అందుకే ఇమిడాయని నేను అనుకుంటాను.

ఇప్పుడు నేను పోయే చర్చి చాలా పెద్దది. మైకులున్నాయి, గోడ మీద పాటలు వెలుగుతూ కనపడతాయి. ఎప్పుడు నిలబడాలో, ఎప్పుడు ఆమెన్ అనాలో నాకు నిద్రలో కూడా తెలుసు. అంతా సరిగ్గా చేస్తూ చేస్తూ, లోపల ఎక్కడికో వెళ్ళిపోయి ఉంటాను కొన్నిసార్లు. మా ఆయన పోయిన దగ్గర్నుంచి అది ఎక్కువైంది. నా పక్కన కూర్చున్నవాళ్ళకు తెలియదు. నాకు మాత్రం తెలిసిపోతుంది. ఆ అరుగు మీద కూర్చుని తలుపు అవతలి గొంతు విన్న మనిషిని కదా. దేవుడికి అందంగా చెప్పుకోవడానికి ఏమీ లేనప్పుడు, ఉన్నదే చెప్పాలని ఆ రోజు నేర్చుకున్నాను. విశ్వాసంగా ఉండటమంటే ఎప్పుడూ దగ్గరగా ఉండటం అనుకునేదాన్ని. దూరమైనప్పుడు ఆ దూరం గురించి కూడా ఆయనతోనే మాట్లాడటం అని ఇప్పుడు అనుకుంటున్నాను.

ఇవాళ పొద్దున పిల్లలింకా లేవకముందు బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కింద పాలబండి పోతోంది. ప్రార్థన చేద్దామంటే మాట రాలేదు. 'మోకాళ్ళు వంగట్లేదు. మా ఆయన లేక ఇల్లంతా వెలితిగా ఉంది. నువ్వు కూడా చాలా దూరంలో ఉన్నట్టున్నావు' అని చెప్పాను. చెప్పి, లేచిపోకుండా, దేవుడు వింటున్నాడన్నట్టుగా ఇంకాసేపు అక్కడే కూర్చున్నాను.